ఎకనామిక్స్ డిగ్రీలో ఉండగానే రీసెర్చ్ అసిస్టెంట్ పని: ఎవరిని అడగాలి, ఏం చేతికి రావాలి

(చెన్నైలో డిగ్రీ చదువుతున్న తెలుగు విద్యార్థుల కోసం మైలాపూరులో జరిగిన సమావేశంలో ఒక ఎకనామిక్స్ అధ్యాపకుడి ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు కూర్చుంటే ప్రశ్నలడుగుతానని భయమేమో. అడుగుతాను. వెనకవాళ్ళని కూడా అడుగుతాను.

మీరు చీటీల మీద రాసిచ్చినవి చూశాను. దాదాపు అన్నిట్లోనూ ఒకటే మాట: "సార్, డిగ్రీ అవకముందే రీసెర్చ్ అసిస్టెంటుగా చెయ్యాలంటే ఎక్కడ అప్లై చెయ్యాలి?" చెప్తాను. ఈ ఊళ్ళో ఏ తలుపులు తట్టాలో, ఎప్పుడు తట్టాలో అన్నీ చెప్తాను. దానికి ముందు నాదో ప్రశ్న. ఆ పని మీకు దొరికేసిందనుకోండి. సోమవారం పొద్దున్న ప్రొఫెసరుగారు ఒక ఫైలు పంపించారు. నాలుగు లక్షల పైచిలుకు వరసలు. కాలమ్‌లకి పేర్లు లేవు. అసలు కాలమ్‌లే లేవు, ప్రతి వరసా గొలుసుకట్టుగా అంకెలు. "రాష్ట్రాలవారీగా ఎంతమంది ఆడవాళ్ళు పనిలో ఉన్నారో సాయంత్రానికి తీసిపెట్టు" అన్నారు. ఏం చేస్తారు?

ఎవరూ మాట్లాడట్లేదు. పరవాలేదు. ఆ ఫైలు నేను కల్పించింది కాదు. కేంద్ర గణాంక శాఖ ఇచ్చే లేబర్ ఫోర్స్ సర్వే, పీఎల్ఎఫ్ఎస్ అంటాం కదా, దాని యూనిట్ లెవెల్ డేటా, అంటే ఒక్కో ఇంటి, ఒక్కో మనిషి వివరాలున్న ఫైలు, సరిగ్గా అలాగే ఉంటుంది. ఉచితం. వాళ్ళ మైక్రోడేటా సైట్లో రిజిస్టర్ అయితే మీరూ ఇవాళ రాత్రి దించుకోవచ్చు. ఇవాళ నేను చెప్పేదంతా ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది: పని అడగడానికి వెళ్ళేముందు ఆ ఫైలుని లొంగదీసుకోండి. ఆ పని చేసి, చేసింది చూపిస్తూ అడిగినవాడికీ, "ఐ యామ్ ప్యాషనేట్ అబౌట్ ఎకనామిక్స్" అని రాసినవాడికీ వచ్చే జవాబులు వేరు. రెండోవాడికి చాలాసార్లు జవాబే రాదు.

అసలు పని ఏమిటి? విధానాల గురించి చర్చలూ, సిద్ధాంతాలూ అనుకుంటారు. అవి ప్రొఫెసర్లు చేసుకుంటారు. మీ చేతికి వచ్చేది డేటా శుభ్రం చెయ్యడం, సర్వే ప్రశ్నావళి తయారీ, ఫీల్డ్‌లో నాణ్యత చూడటం, పాత రికార్డుల్లోంచి అంకెలు ఎక్కించడం, ఇదివరకు ఎవరెవరు ఏం రాశారో ఏరి పట్టిక కట్టడం. ఇందులో గొప్పదీ లేదు, చిన్నదీ లేదు. అంకె తప్పు పడితే పైన కట్టిన పేపరంతా తప్పే.

ఈ ఊరికి ఇదేం కొత్త కాదండి. 1916లో మద్రాసు యూనివర్సిటీ ఎకనామిక్స్ ప్రొఫెసరు గిల్బర్ట్ స్లేటర్ తన విద్యార్థుల చేతికి ప్రశ్నావళి ఇచ్చి, వాళ్ళకి తెలిసిన ఊళ్ళని సర్వే చేసుకురమ్మన్నారు. 1918లో అది పుస్తకమయింది. 1936-37లో ఆ ఊళ్ళలో కొన్నిటికి మళ్ళీ వెళ్ళారు. వందేళ్ళ కింద ఇక్కడి విద్యార్థులు పోగేసిన అంకెలు ఇప్పటికీ ఆర్థిక చరిత్రకారులకి పనికొస్తున్నాయి. అప్పుడు వాళ్ళని రీసెర్చ్ అసిస్టెంట్లని ఎవరైనా పిలిచారో లేదో గాని, చేసింది ఆ పనే.

సరే, ఎక్కడ దొరుకుతుంది? మొదట మీ కాలేజీలోనే. నవ్వకండి. మీ డిపార్టుమెంటులో పీహెచ్‌డీ చేస్తున్న లెక్చరరు ఒక్కరైనా ఉంటారు. వాళ్ళ దగ్గర సగం ఎక్కించిన సర్వే ఫారాలుంటాయి. అడిగితే కాదనరు. పైగా మిమ్మల్ని ఏడాది పాటు చూసిన మనిషి రాసే సిఫారసు లేఖకి ఉన్న బలం, రెండు నెలలు జూమ్‌లో చూసినవాళ్ళు రాసేదానికి ఉండదు.

కాలేజీ బయటికొస్తే, కోట్టూరులో మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఉంది, 1993 నుంచి. పర్యావరణ ఆర్థికశాస్త్రం, స్థూల ఆర్థికం, ఫైనాన్స్ మీద పనిచేసేవాళ్ళు అక్కడున్నారు. అడయారులో మిడ్స్, అంటే మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్, 1971లో మాల్కం ఆదిశేషయ్య పెట్టింది. వ్యవసాయం, కులం, కూలి మార్కెట్లు, చరిత్ర ఇష్టమైతే అటు వెళ్ళండి, లైబ్రరీ కూడా బాగుంటుంది. ఐఐటీ మద్రాసులో హ్యుమానిటీస్ డిపార్టుమెంటులో ఎకనామిక్స్ వాళ్ళున్నారు. ర్యాండమైజ్డ్ ట్రయల్స్, అంటే చీటీ వేసినట్టు జనాన్ని రెండు గుంపులు చేసి ఒక పథకం ఫలితం పోల్చి చూసే ప్రయోగాలు, చేసే జె-పాల్ సంస్థ దక్షిణాసియా శాఖ 2007లో మొదలైందే చెన్నైలో, ఐఎఫ్ఎంఆర్ అనే విద్యాసంస్థ నీడన. క్రియా యూనివర్సిటీ శ్రీసిటీలో ఉంది, అంటే తడ దాటగానే మన ఆంధ్రాలో. దాని కింద లీడ్ అనే పరిశోధన సంస్థ ఉంది. కుటుంబాల అప్పులు, పొదుపు మీద పనిచేసే ఇంకో సంస్థ పేరు "ద్వారా రీసెర్చ్".

ఇంకాస్త దూరం వెళ్ళగలిగితే బెంగళూరు. నాగరభావిలో ఐసెక్ (ఇన్‌స్టిట్యూట్ ఫర్ సోషల్ అండ్ ఎకనామిక్ చేంజ్), ఐఐఎం, అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ, ఫౌండేషన్ ఫర్ అగ్రేరియన్ స్టడీస్. ఈ చివరిదాన్ని మీరు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. వాళ్ళ గ్రామ సర్వేలు 2005-06లో మొదలైంది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు ఊళ్ళతో: గుంటూరు జిల్లా అనంతవరం, అనంతపురం జిల్లా బుక్కచెర్ల, కరీంనగర్ జిల్లా కొత్తపల్లె. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో ఉన్న అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975 నుంచి చేస్తున్న గ్రామ అధ్యయనాల్లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, దోకూరు ఉన్నాయి. కరువు వస్తే పల్లెల్లో కుటుంబాలు ఒకరినొకరు ఎలా ఆదుకుంటాయన్న ప్రశ్న మీద ప్రపంచమంతా చదివే పేపర్లకి ఔరేపల్లి డేటా ఆధారం. ఎందుకు చెప్తున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

ఇప్పుడొక చిక్కు. వీటిలో చాలాచోట్ల "డిగ్రీ విద్యార్థులకి రీసెర్చ్ అసిస్టెంట్ పోస్టు" అని ప్రకటన కనబడదు. కేంద్రం నడిపే సామాజిక శాస్త్రాల పరిశోధన మండలి, ఐసీఎస్ఎస్ఆర్, దాని డబ్బుతో నడిచే ప్రాజెక్టుల్లో అసిస్టెంట్ అంటే పీజీలో 55 శాతం అడుగుతారు. కాబట్టి మీరు వెతకాల్సిన పేరు "ఇంటర్న్". పని అదే, పేరే వేరు. ప్రకటన లేకపోయినా నేరుగా ఆ ప్రొఫెసరుకి రాయడమే మార్గం, ఎక్కువమందికి అలాగే దొరుకుతుంది. నీతి ఆయోగ్‌కి మాత్రం పద్ధతి ఉంది: ప్రతి నెలా 1 నుంచి 10వ తేదీ లోపు ఆన్‌లైన్ దరఖాస్తు, డిగ్రీలో రెండో ఏడు పూర్తి కావాలి, పన్నెండో తరగతిలో 85 శాతం ఉండాలి, కనీసం ఆరు వారాలు చెయ్యాలి, స్టైపెండ్ ఉండదు. నిబంధనలు మారుతుంటాయి, దరఖాస్తు పెట్టేరోజు సైటు చూసుకోండి.

ఇక అసలు సంగతి. పీఎల్ఎఫ్ఎస్ ఫైలు. ఇందులో నేను కాస్త ఎక్కువసేపు ఉంటాను, విసుక్కోకండి.

2023-24 సంవత్సరం డేటా తీసుకోండి. ఎందుకంటే జవాబు ముందే ప్రచురించి ఉంది: 15 ఏళ్ళు, ఆపైన ఉన్న ఆడవాళ్ళలో శ్రామిక భాగస్వామ్యం, అంటే పని చేస్తున్నవాళ్ళూ పని వెతుక్కుంటున్నవాళ్ళూ కలిపి, యూజువల్ స్టేటస్ (గత ఏడాదంతా చూసి తేల్చేది) ప్రకారం, దేశం మొత్తానికి 41.7 శాతం. మీ పని మీ చేత్తో ఆ 41.7 రప్పించడం. అంతే. కొత్త సిద్ధాంతం అక్కర్లేదు. 41.7 రావాలి. 41.2 వస్తే ఎక్కడో తప్పుంది. 38 వస్తే పెద్ద తప్పే ఉంది.

డేటాతోపాటు లేఆవుట్ ఫైలు వస్తుంది. ఎన్నో అక్షరం నుంచి ఎన్నో అక్షరం దాకా ఏ విషయం ఉందో అందులో ఉంటుంది. దాన్ని బట్టి గొలుసుని ముక్కలు చెయ్యాలి. దానికి గణాంకాల సాఫ్ట్‌వేర్ కావాలి: స్టేటా ఉంటే స్టేటాలో, లేకపోతే ఆర్‌లో. స్టేటా ఖరీదు, కాలేజీ ల్యాబులో లేకపోతే దొంగ కాపీ వెతుక్కోకండి, ఆర్ ఉచితం. రెండూ చేసేవాళ్ళకి రెండూ చేస్తాయి. పైథాన్ నేర్చుకున్నవాళ్ళు అదే వాడండి, మీ ప్రొఫెసరు ఏది వాడతారో దానికి మారడం నెల రోజుల పని.

ఇక్కడ జనం ఎక్కడెక్కడ పడతారో చెప్తాను. మొదటి గొయ్యి, విజిట్లు. ఈ 2023-24 డేటాకి పట్టణాల్లో ఒకే ఇంటికి నాలుగుసార్లు వెళ్ళారు, పల్లెల్లో ఒక్కసారే. మొదటి విజిట్ ఫైలు వేరు, రీవిజిట్ ఫైలు వేరు. రెండూ కలిపేస్తే పట్నంవాళ్ళు మళ్ళీమళ్ళీ లెక్కకొస్తారు. ఏడాది అంచనాకి మొదటి విజిట్ ఫైలే వాడాలి.

రెండో గొయ్యి, మల్టిప్లయర్. సర్వేలో ఉన్న ఒక్కో మనిషి బయట ఎంతమందికి ప్రతినిధో చెప్పే అంకె అది. దాన్ని ఉన్నదున్నట్టు వాడకూడదు. ఎన్ఎస్ఎస్, ఎన్ఎస్‌సీ అని రెండు కాలమ్‌లుంటాయి. రెండూ సమానమైతే మల్టిప్లయర్‌ని 100తో భాగించాలి, కాకపోతే 200తో. నాలుగు త్రైమాసికాలూ కలిపి ఏడాదికి తీస్తున్నప్పుడు, త్రైమాసికాల సంఖ్య ఇచ్చే కాలమ్‌తో కూడా భాగించాలి. ఇదంతా డేటాతోపాటు వచ్చే రీడ్‌మీ అనే సూచనల ఫైల్లో రాసి ఉంటుంది. రీడ్‌మీ ఎవరు చదువుతారు? రీసెర్చ్ అసిస్టెంటు చదువుతాడు. అతనికి జీతం ఇచ్చేది అందుకే.

మూడోది, ఎవరు పనిలో ఉన్నట్టు? ప్రతి మనిషికీ పని స్థితి చెప్పే కోడ్ ఉంటుంది: 11 నుంచి 51 దాకా ఉన్నవాళ్ళు పనిలో ఉన్నారు, 81 నిరుద్యోగి, 91 నుంచి పైన శ్రామిక శక్తికి బయట. 41.7లోకి మొదటి రెండు రకాలూ వస్తాయి. 21 అంటే ఇంటి వ్యాపారంలోనో పొలంలోనో జీతం లేకుండా సాయపడేవాళ్ళు. 92 అంటే ఇంటిపని మాత్రమే. ఈ రెండిటి మధ్య గీత చాలా పల్చన. గేదెలు చూసుకుంటూ ఇంటిపని చేసే ఆవిడ 21లోకి వెళ్తుందా, 92లోకి వెళ్తుందా అన్నది సర్వే చేసినవాడు ఎంత ఓపిగ్గా అడిగాడన్న దాని మీద ఉంటుంది. యూజువల్ స్టేటస్ అంటే ప్రిన్సిపల్ (ఏడాదిలో ఎక్కువకాలం చేసింది) ఒక్కటే కాదు, సబ్సిడరీ (పక్కన కొన్నాళ్ళు చేసిన పని) కూడా కలపాలి. సబ్సిడరీ వదిలేసినవాళ్ళకి 41.7 రాదు. 2017-18లో ఇదే శాతం 23.3. ఆరేళ్ళలో ఇంత పెరిగిందంటే నిజంగా పని పెరిగిందా, 21 కోడ్ పెరిగిందా? అదిగో, చూశారా, మీకో ప్రశ్న దొరికింది. ఆ ప్రశ్నకి రెండు పేజీల జవాబు, ఒక పట్టిక, ఒక బొమ్మ, కింద మీ కోడ్, అంటే ఆ లెక్క కోసం కంప్యూటరుకి మీరు రాసిచ్చిన ఆదేశాలు. ప్రొఫెసరుకి పంపాల్సిన నమూనా అదే.

నాలుగో గొయ్యి మనవాళ్ళ కోసమే తవ్వినట్టుంటుంది. 2011-12 నాటి నేషనల్ శాంపిల్ సర్వే డేటాలో రాష్ట్రం కోడ్ 28 అంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. పీఎల్ఎఫ్ఎస్‌లో 28 అంటే ఇప్పటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణకి 36. అంకె అదే 28, రాష్ట్రం వేరు. కోడ్‌ని కోడ్‌తో కలిపేస్తే కంప్యూటరు కిక్కురుమనదు, చక్కగా కలిపేస్తుంది, మీ గ్రాఫులో ఆంధ్రా ఒక్కసారిగా చిక్కిపోతుంది. పాత డేటాలో తెలంగాణ పది జిల్లాలనీ విడగొట్టి, అప్పుడు పోల్చాలి. జిల్లాల దగ్గర ఇంకా గందరగోళం. తెలంగాణలో 2016 అక్టోబరులో పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రాలో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. 2011 జనాభా లెక్కల జిల్లాతో ఇవాళ్టి జిల్లాని కలపాలంటే ఏ మండలం ఎక్కడికి పోయిందో పట్టిక కట్టుకోవాలి. ఆ పట్టిక శుభ్రంగా కట్టి పెట్టుకున్న విద్యార్థి ఎవరైనా ఉంటే, రెండు తెలుగు రాష్ట్రాల మీద పనిచేసే ఏ పరిశోధకుడైనా వెతుక్కుంటూ వస్తారు. నేను సరదాకి అనట్లేదు.

ఇంకొక్కటి చెప్పి ఈ ఫైలు మూసేస్తాను. 2025 జనవరి నుంచి పీఎల్ఎఫ్ఎస్ శాంపిల్ పద్ధతి మార్చారు, నెలవారీ అంచనాలు కూడా ఇస్తున్నారు. అంతకుముందు డేటాతో జిల్లా అంచనాలు తీసి నమ్మకండి, ఆ సర్వే జిల్లా స్థాయికి రూపొందించింది కాదు. అంకె వస్తుంది. రాకేం. వచ్చిన ప్రతి అంకే నిజం కాదు.

పనిచేసే పద్ధతి గురించి రెండు మాటలు. దించుకున్న అసలు ఫైలుని ఎప్పుడూ ముట్టుకోవద్దు, దాన్ని ఒక ఫోల్డరులో తాళం వేసినట్టు ఉంచండి. మార్పులన్నీ కోడ్‌లో చెయ్యండి. ఎక్సెల్‌లో తెరిచి చేత్తో ఒక్క గడి దిద్దినా, అది ఎవరు దిద్దారో ఆర్నెల్ల తర్వాత మీకే తెలీదు. పైగా ఎక్సెల్ కోడ్‌ల ముందున్న సున్నాలు మింగేస్తుంది, 05 కాస్తా 5 అవుతుంది, ఇక ఏదీ దేనితోనూ కలవదు. రెండు ఫైళ్ళు కలిపినప్పుడు ముందెన్ని వరసలు, తర్వాతెన్ని, ఎన్ని కలవలేదు, ఈ మూడూ రాయండి. స్టేటాలో మెనీ-టు-మెనీ మెర్జ్ అని ఒకటుంది, దాని జోలికి పోకండి. ఇల్లు ఒకటి, మనుషులు నలుగురు అయితే అది మెనీ-టు-వన్. ఏ కాలమ్‌లు కలిస్తే ఒక ఇల్లు అవుతుందో ముందు తేల్చుకోండి, పీఎల్ఎఫ్ఎస్‌లో ఎఫ్ఎస్‌యూ నంబరు (సర్వేకి ఎంచుకున్న ఊరికో, పట్నంలో బ్లాకుకో ఇచ్చేది) ఒక్కటే చాలదు. ఆఖరికి, మీ ఫోల్డరు మొత్తం స్నేహితుడి లాప్‌టాప్‌లో పెట్టి ఒక్క మీట నొక్కితే అదే 41.7 రావాలి. మీ పేరుతో ఉన్న డెస్క్‌టాప్ దారి కోడ్‌లో ఉంటే రాదు.

ఇందాక ఔరేపల్లి, బుక్కచెర్ల అని ఎందుకు చెప్పానో ఇప్పుడు చెప్తాను. మీలో చాలామంది చెన్నైలో పెరిగి తెలుగు మాట్లాడటమే తప్ప రాయడం రాదంటారు. నెల్లూరు నుంచో, చిత్తూరు నుంచో వచ్చినవాళ్ళకి రెండూ వచ్చు. సర్వే పనుల్లో తెలుగు ఎంత ఆస్తో మీకు తెలీదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో టీచర్ల మీద, మైక్రోఫైనాన్స్ మీద, ఉపాధి హామీ కూలి చెల్లింపుల స్మార్ట్‌కార్డుల మీద పెద్దపెద్ద ట్రయల్స్ జరిగాయి. హైదరాబాదు మైక్రోఫైనాన్స్ అధ్యయనం ఒక్కటే 104 బస్తీల్లో చేశారు. అలాంటిచోట ప్రశ్నావళి ఇంగ్లీషులో తయారవుతుంది. అడిగేది తెలుగులో. మధ్యలో అర్థం జారిపోకుండా చూసే మనిషి కావాలి.

ఎలా జారుతుందో చూడండి. "వడ్డీ ఎంత?" అని అడిగారు. "రెండు రూపాయలమ్మా" అన్నాడు రైతు. ట్యాబ్‌లో "సంవత్సరానికి వడ్డీ శాతం" అనే గడిలో సర్వేయరు 2 కొట్టాడు. రైతు చెప్పింది నూటికి నెలకి రెండు రూపాయలు. అంటే ఏడాదికి 24 శాతం. ఇలాంటివి కొన్ని వందలు పడితే, వడ్డీ వ్యాపారి బ్యాంకు కంటే చవకగా అప్పిస్తున్నాడని తేలుతుంది! పేపరు రాసే ఆయన బోస్టన్‌లోనో, శాన్‌డియాగోలోనో కూర్చుని దీనికి కారణాలు ఆలోచిస్తూ ఉంటాడు. ఆ గడిని రెండు చెయ్యాలి: అంకె ఎంత, అది నెలకా ఏడాదికా.

భూమి ఇంకా ముచ్చట. "ఎకరం ఇరవై" అన్నాడు. గుంటూరులో అయితే ఎకరం ఇరవై సెంట్లు, అంటే 1.20. కరీంనగర్‌లో అయితే ఎకరం ఇరవై గుంటలు. ఎకరానికి నలభై గుంటలు కాబట్టి అది ఎకరంన్నర, 1.50. సర్వేయరు రెండుచోట్లా 1.20 అనే కొడతాడు. కౌలు అడిగితే బస్తాల్లో చెప్తారు. బస్తా ఎన్ని కిలోలు? అన్ని ఊళ్ళలోనూ ఒకటి కాదు, 75 కిలోలని లెక్కేసుకుంటే ఒకచోట సరిపోతుంది, ఇంకోచోట పోదు. ఊరికొక్కసారి అడిగి రాసుకోవాలి.

పేర్ల సంగతి. మనకి ఇంటిపేరు ముందు. ఒక జాబితాలో ఇంటిపేరుతో మొదలవుతుంది, బ్యాంకు జాబితాలో చివర పడుతుంది, మూడోదాంట్లో పొడి అక్షరం. శ్రీనివాసులుని ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాస్తారు. రెండేళ్ళ తర్వాత అదే మనిషిని వెతికి పట్టుకోవాలంటే పేరొక్కటే సరిపోదు, ఊరు, తండ్రి పేరో భర్త పేరో, సుమారు వయసు, ఫోను, ఇవన్నీ కలిపి పోల్చాలి. వయసు కూడా నమ్మలేం. ఒక బార్ గ్రాఫ్ గీసి చూడండి, 30, 35, 40, 45 దగ్గర స్తంభాలు లేచి నిలబడతాయి. అందరూ సుమారుగా చెప్పినవే.

అందుకే బ్యాక్‌చెక్ అంటారు. సర్వే చేసిన ఇళ్ళలో పదిలో ఒకటి చొప్పున ఇంకో మనిషి వెళ్ళి, మారడానికి వీల్లేని కొన్ని ప్రశ్నలు మళ్ళీ అడుగుతాడు. ప్రతి సాయంత్రం వచ్చిన డేటా మీద హై ఫ్రీక్వెన్సీ చెక్స్ నడుస్తాయి: గంట పట్టాల్సిన సర్వే పన్నెండు నిమిషాల్లో అయిపోయిందా? ఒకే సర్వేయరుకి అందరూ "అప్పులు లేవు" అంటున్నారా? అప్పులున్నాయంటే ఇంకో ఇరవై ప్రశ్నలు తెరుచుకుంటాయి మరి. పూర్తి అర్థమైందా? ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో సర్వే చెయ్యడానికి వాడే సర్వేసీటీఓ, ఓడీకే, కోబో, వీటిలో ఏదో ఒకదానిలో చిన్న ఫారం తయారుచెయ్యడం నేర్చుకోండి. కోబోలో ఉచితంగా మొదలుపెట్టొచ్చు. పేర్లూ ఫోన్ నంబర్లూ ఉన్న ఫైలు వాట్సాప్‌లో పంపడం మాత్రం ఎప్పుడూ, ఎవరు తొందరపెట్టినా, చెయ్యకండి. పని పోవడం సంగతి తర్వాత, నమ్మి చెప్పినవాళ్ళకి అన్యాయం.

చరిత్ర ఇష్టమైనవాళ్ళకి ఎగ్మోరు. తమిళనాడు ఆర్కైవ్స్ అక్కడే ఉంది. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం విడిపోయేదాకా కోస్తా, రాయలసీమ జిల్లాల రెవెన్యూ రికార్డులు మద్రాసువే కదా. గోదావరి జిల్లా పాత శిస్తు లెక్కలు చూడాలని అమెరికా నుంచి వచ్చేవాళ్ళు కూడా అక్కడికే వస్తారు. మీరు బస్సెక్కితే అరగంట. కన్నెమరా లైబ్రరీ కూడా ఎగ్మోరులోనే. పాత నివేదికల్లో పట్టికలు ఫోటో తీసి, అంకెలు ఎక్కించి, అడ్డం నిలువు మొత్తాలు సరిచూసేవాళ్ళు ఎప్పుడూ కావాలి.

ఇప్పుడు ఈమెయిలు. పది వాక్యాలు దాటొద్దు. నేను ఫలానా కాలేజీ, ఫలానా ఏడు. మీ ఫలానా పేపరు చదివాను, అందులో ఫలానా పట్టిక గురించి ఈ సందేహం వచ్చింది. దానికి దగ్గరి విషయం మీద పీఎల్ఎఫ్ఎస్‌తో ఈ చిన్న పని చేశాను, లింకు ఇది. వారానికి ఎనిమిది గంటలు ఇవ్వగలను, నవంబరులో పరీక్షలున్నాయి కాబట్టి ఆ మూడు వారాలు చెయ్యలేను. అంతే. జతగా ఒక పేజీ బయోడేటా, మార్కుల పట్టిక. ఆ పరీక్షల వాక్యం చాలామంది దాస్తారు. దాచొద్దు. చెప్పి సెలవు తీసుకున్నవాడిని ఎవరూ ఏమీ అనరు, మధ్యలో మాయమైనవాడిని మళ్ళీ పిలవరు. ఒకే లేఖ నలభైమందికి పంపి, ఒకరి పేరు ఇంకొకరికి వెళ్ళిపోవడం ప్రతి ఏడాదీ జరిగే ముచ్చటే. పదిరోజుల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచెయ్యండి. రెండోసారి వద్దు.

కొందరు డేటా టాస్క్ ఇస్తారు. నాలుగైదు గంటల పని, రెండ్రోజులు గడువు. ఇచ్చిన ఫైల్లో కావాలనే గుంటలు తవ్వి ఉంటాయి. ఒకే మనిషి రెండు వరసల్లో ఉంటాడు. ఆదాయం గడిలో మైనస్ 999 ఉంటుంది, "జవాబు చెప్పలేదు" అని దాని అర్థం. మీరు దాన్నీ అంకెగా తీసుకుని సగటు తీస్తే అక్కడితో సరి. వాళ్ళు చూసేది మీరు గుంట చూశారా, చూసి ఏం చెయ్యాలనుకున్నారు, ఆ నిర్ణయం ఎక్కడైనా రాశారా అని. అడగని రిగ్రెషన్లు నాలుగు అదనంగా వెయ్యడం వల్ల మార్కులు పెరగవు. పట్టికలో అంకెలు రూపాయలా వేలా, ఎంతమంది మీద తీశారు, అది లేకపోతే మాత్రం తగ్గుతాయి.

డబ్బు? అడగండి. సిగ్గెందుకు? "స్టైపెండ్ ఉందా సార్, ప్రయాణ ఖర్చులిస్తారా" అని మొదటి మాటల్లోనే అడగొచ్చు. జీతం లేని పని ఒక సెలవు కాలానికి చెయ్యొచ్చు, వారానికి ఇన్ని గంటలని హద్దు పెట్టుకుని. ఏడాది పొడుగునా ఉచితంగా ఫారాలు ఎక్కించమంటే అది నేర్పించడం కాదు. ఇలా గట్టిగా చెప్తే కొందరు సహోద్యోగులకి నచ్చదు, తెలుసు. పేపరు మీద మీ పేరు రచయితగా పడుతుందని ఆశపడకండి, మొదటి పేజీ అడుగున కృతజ్ఞతల్లో పడుతుంది. అది న్యాయమే. మీకు నిజంగా దక్కేది లేఖ. "ఈ విద్యార్థి ఫలానా తప్పు పట్టుకున్నాడు" అని ఒక్క వాక్యం ఉన్న లేఖ.

డిగ్రీ అయ్యాక ప్రీడాక్ అని ఏడాదో రెండేళ్ళో పూర్తి జీతంతో చేసే పనులున్నాయి. జె-పాల్, ఐడీఇన్‌సైట్ లాంటిచోట్ల, హైదరాబాదు ఐఎస్‌బీలో, కొన్ని ఐఐఎంలలో తీసుకుంటారు. రిజర్వ్ బ్యాంకు రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ ఆర్నెల్లది, జనవరిలో, జూలైలో మొదలవుతుంది. అమెరికావి అక్కడి ఆర్థిక పరిశోధన సంస్థ ఎన్‌బీఈఆర్ సైట్లో ఒకచోట జాబితాగా ఉంటాయి. వచ్చే వేసవికి ఈ సెప్టెంబరు నుంచే దరఖాస్తులు మొదలవుతాయి. వీసా ఇప్పిస్తారో లేదో ప్రకటనలోనే చూసుకోండి, అన్నీ ఇప్పించవు. వాటికి లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, ఎకనోమెట్రిక్స్ మార్కులు చూస్తారు. మీ కాలేజీలో లెక్కలు తక్కువైతే మ్యాథ్స్ డిపార్టుమెంటులో అలైడ్ పేపరు అడిగి తీసుకోండి.

ఎవరో చెయ్యెత్తారు. ఏమ్మా? బీకాం వాళ్ళు చెయ్యొచ్చా? తప్పకుండా. కంపెనీల బ్యాలెన్స్ షీట్లు చదవడం వచ్చిన మనిషి ఫ్యాక్టరీల సర్వే డేటాలో ఎకనామిక్స్ వాళ్ళకంటే త్వరగా దారి కనుక్కుంటుంది. తరుగుదల ఏ గడిలో పడుతుందో మీకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఇది ఆగస్టు. సెప్టెంబరు, అక్టోబరు పీఎల్ఎఫ్ఎస్ మీద పెట్టండి. నవంబరు పరీక్షలు. డిసెంబరు సెలవుల్లో ఆ రెండు పేజీలు రాసెయ్యండి, అచ్చయిన పేపరు ఒకటి తీసుకుని అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ పత్రికలు ఉచితంగా పెట్టే డేటా, కోడ్ దించుకుని ఒక పట్టిక మళ్ళీ రప్పించండి. జనవరిలో, ఫిబ్రవరి మొదటి వారం దాటకుండా, ఈమెయిళ్ళు. ఏప్రిల్‌లో రాస్తే వేసవి చోట్లన్నీ నిండిపోయి ఉంటాయి.

లాప్‌టాపులు తెచ్చుకున్నవాళ్ళు ఈ బల్ల దగ్గరికి రండి. లేఆవుట్ ఫైలు ఎలా చదవాలో ఒక్క వరస మీద చూపిస్తాను. తీసుకురానివాళ్ళు పక్కనవాళ్ళ భుజం మీదుగా చూడండి, వైఫై పాస్‌వర్డ్ బోర్డు మీద రాసి ఉంది.